ఊరి మ్యూజియంకి వాషింగ్టన్ డబ్బు దండగా? ఒక్కో వాదనకీ జవాబు

అమెరికాలో బడ్జెట్ మాటొచ్చినప్పుడల్లా ఒక వాదన తిరుగుతూ ఉంటుంది. సారాంశం ఇది: "సైన్స్ చదువూ, ఊరి మ్యూజియమూ రాష్ట్రాల పని. రాజ్యాంగంలో వాటి ఊసే లేదు. ఫెడరల్ ప్రభుత్వం తప్పుకుంటే పన్ను మిగులుతుంది, దాతలు ముందుకొస్తారు, పాఠాల మీద పెత్తనం పోతుంది." అక్కడి తెలుగు కుటుంబాలూ ఆ పన్ను కడుతున్నాయి, శనాదివారాల్లో పిల్లల్ని ఆ మ్యూజియంలకే తీసుకెళ్తున్నాయి. అందుకని ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

"రాజ్యాంగంలో లేదు." 'విద్య' అన్న పదం లేని మాట నిజమే. 10వ సవరణ ప్రకారం బళ్లు నడిపే అధికారం రాష్ట్రాలదే. కానీ నడపడం వేరు, డబ్బివ్వడం వేరు. సార్వజనిక సంక్షేమానికి ఖర్చుపెట్టే అధికారం 1వ అధికరణం 8వ సెక్షన్ కాంగ్రెస్‌కి ఇచ్చింది. ఆ డబ్బుకి షరతులు పెట్టొచ్చని 1987లో సౌత్ డకోటా వర్సెస్ డోల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మాటకొస్తే ఈ అలవాటు రాజ్యాంగం కంటే పాతది. 1785 నాటి భూ ఆర్డినెన్స్ ప్రతి టౌన్‌షిప్‌నీ 36 భాగాలు చేసి, 16వ భాగాన్ని బడికి కేటాయించింది. సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరిన మరుసటి ఏడు, 1958లో, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం బళ్లకి సైన్స్ పరికరాలు కొనిపెట్టింది. ఆయన రిపబ్లికన్ అని గుర్తు చేయడం ఇక్కడ అనవసరం కాదు.

రాష్ట్రాల హక్కుల పేరు చెప్పేవాళ్లకి ఇంకో చిక్కుంది. మ్యూజియంలకీ గ్రంథాలయాలకీ గ్రాంట్లిచ్చే ఫెడరల్ సంస్థ ఐఎంఎల్‌ఎస్‌ని కనీస స్థాయికి కుదించమని 2025 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఆపమని కోర్టుకెక్కినవి 21 రాష్ట్రాలు.

"పన్ను మిగులుతుంది." 2024లో ఐఎంఎల్‌ఎస్ బడ్జెట్ 29.48 కోట్ల డాలర్లు. ఆ ఏడాది ఫెడరల్ ఖర్చు సుమారు 6.75 లక్షల కోట్ల డాలర్లు. ఏడాదికి 20,000 డాలర్ల పన్ను కట్టే కుటుంబం వాటా ఆ నిష్పత్తిలో 87 సెంట్లు. అందులోనూ పెద్ద భాగం, అంటే 18 కోట్ల డాలర్లు, రాష్ట్రాల గ్రంథాలయాలకి పోతుంది.

"ఫెడరల్ డబ్బొస్తే స్థానికులు చేతులు ముడుచుకుంటారు." నిబంధనలు చదివినవాళ్లు ఈ మాట అనలేరు. 'మ్యూజియమ్స్ ఫర్ అమెరికా' గ్రాంటు 5,000 నుంచి 2,50,000 డాలర్ల దాకా ఉంటుంది. తీసుకున్న ప్రతి డాలరుకీ మ్యూజియం మరో డాలరు చూపించాలి. అది నగదు కావచ్చు, లెక్కకట్టిన వాలంటీర్ల పనిగంటలు కావచ్చు. గ్రంథాలయాల గ్రాంటులో ఫెడరల్ వాటా 66 శాతం, మిగతాది రాష్ట్రానిది. గత మూడేళ్ల సగటు కంటే రాష్ట్రం తన ఖర్చు తగ్గిస్తే ఫెడరల్ డబ్బులోనూ కోత పడుతుంది. చేతులు ముడుచుకున్నవాడికి నష్టమే తప్ప లాభం లేదు.

"దాతలు చూసుకుంటారు." అసలు తేడా ఇక్కడే. దాత తన పేరు చెక్కించుకునే హాలుకి ఇస్తాడు, కొత్త డైనోసారుకి ఇస్తాడు. బేస్‌మెంట్‌లో పెట్టే, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ మీద ఎవరూ పేరు రాయించుకోరు. మ్యూజియం సొత్తు పాడయ్యేది మాత్రం ఆ బేస్‌మెంట్‌లోనే. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది. తేమ పెరుగుతూ తగ్గుతూ ఉంటే చెక్క పగులుతుంది, రంగు పొరలు లేస్తాయి. పాత అసిటేట్ ఫోటో నెగెటివ్‌లు వెనిగర్ వాసన కొట్టాయంటే కుళ్లడం మొదలైనట్టే, ఇక వెనక్కి తిప్పలేం.

దీనికి మందు ఖరీదైనదేం కాదు, వరస తప్పకూడదంతే. ముందు ప్రతి వస్తువుకీ నంబరు వేసి జాబితా రాయాలి. తర్వాత డేటా లాగర్లు పెట్టి, నాలుగు కాలాలూ గడిచేలా ఏడాదిపాటు ఉష్ణోగ్రత, తేమ నమోదు చేయాలి. మామూలు అట్టపెట్టెల్లోంచి తీసి ఆమ్లం లేని పెట్టెల్లోకి మార్చాలి. కింది అరని నేలకి కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తున ఉంచాలి, పైపు పగిలితే మొదట తడిసేది అదే. ఏసీ సంగతి ఆ తర్వాతే. లాగర్ లెక్కలు లేకుండా అవసరానికి మించిన ఏసీ బిగిస్తే, అది గదిని నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. తేమ లాగేంత సేపు నడవదు. గది చల్లగానే ఉంటుంది, బూజూ పడుతుంది. చిన్న మ్యూజియంకి ఇలాంటివి చెప్పడానికే ఐఎంఎల్‌ఎస్ మద్దతుతో నడిచే క్యాప్ పథకం ఇద్దరు నిపుణుల్ని పంపేది: ఒకరు వస్తువులు చూస్తారు, ఒకరు భవనం చూస్తారు, ఏది ముందు బాగుచేయాలో రిపోర్టు రాసిస్తారు. నలుగురు ఉద్యోగులున్న కౌంటీ మ్యూజియంకి ఆ పని దాతల విందుల వల్ల జరగదు.

"డబ్బుతోపాటు పెత్తనం వస్తుంది." మొత్తం వాదనలో బరువున్నది ఇదొక్కటే. ఫెడరల్ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో తయారైన ఒక సామాజిక శాస్త్ర పాఠ్యక్రమం మీద 1975లో కాంగ్రెస్‌లో పెద్ద గొడవై, దానికి నిధులు ఆగిపోయాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు. అందుకే కట్టుబాట్లున్నాయి: పాఠ్యప్రణాళిక మీద ఫెడరల్ విద్యాశాఖకి అజమాయిషీ ఉండకూడదని 1979 చట్టమే చెబుతోంది, ఐఎంఎల్‌ఎస్ దరఖాస్తులకి మార్కులేసేది ఇతర మ్యూజియంలలో పనిచేసేవాళ్లు. ఆ కట్టుబాట్లు సడలితే పోరాడాల్సింది వాటిని బిగించమని. నిధులాపితే డేటా లాగర్లు కూడా పోతాయి, వాటికి ఏ పార్టీ సిద్ధాంతమూ లేదు.

"ఇంటర్నెట్ ఉండగా మ్యూజియం ఎందుకు?" ఆన్‌లైన్‌లో పెట్టే ఫోటో కూడా ఎవరో వస్తువుని బయటికి తీసి, నంబరు వేసి, స్కాన్ చేస్తేనే వస్తుంది.

విమర్శించేవాళ్లు పట్టుకోని లోపాలు వేరే ఉన్నాయి. ఈ గ్రాంట్లు ప్రాజెక్టుకి ఇస్తారు, రోజువారీ నడకకి కాదు. సైన్స్ ప్రదర్శనలో పిల్లలు చేత్తో తిప్పే క్రాంక్ బేరింగ్ అరిగేది గ్రాంటు గడువు ముగిశాక. విడిభాగాల ఖర్చు ఎస్టిమేట్‌లో రాయకపోతే ఆ ప్రదర్శన మీద 'పనిచేయడం లేదు' అన్న కాగితం అంటుకుంటుంది. దరఖాస్తుకి ముందు ఫెడరల్ ప్రభుత్వ వెబ్‌సైట్ సామ్ డాట్ గవ్‌లో రిజిస్ట్రేషన్ కావాలి, ఏటా రెన్యూ చేయాలి, దానికి వారాలు పట్టొచ్చు. గడువుకి రెండు రోజుల ముందు మొదలుపెట్టిన చిన్న మ్యూజియం అక్కడే ఆగిపోతుంది.

అన్నిటికంటే వృథా మధ్యలో ఆపడం. 2025 ఏప్రిల్‌లో ఐఎంఎల్‌ఎస్ చాలా గ్రాంట్లు రద్దు చేసింది. నవంబరులో ఫెడరల్ కోర్టు ఆ కుదింపు చెల్లదంది, డిసెంబరులో గ్రాంట్లు పునరుద్ధరించారు. సగం వస్తువులు కొత్త పెట్టెల్లోకి మారి, సగం పాత నంబర్లతో ఉన్న గోదాములో ఆ నెలల్లో ఏ వస్తువు ఎక్కడుందో చెప్పగలిగేది జాబితా రాసే తాత్కాలిక ఉద్యోగి, క్యాటలాగరే. జీతం ఆగితే ముందు వెళ్లిపోయేదీ ఆ మనిషే.