అన్నా, ఆ కేసు ఏమైంది?

నాయకుడి మీద పాత ఆరోపణ ఒకటి పైకి తేలగానే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అనుచరుల నుంచి వినబడే జవాబులు రెండే. మొదటిది ‘ఇదంతా కక్ష’. కాస్త గట్టిగా అడిగితే రెండోది, ‘ఆ కేసు ఎప్పుడో కొట్టేశారు’. అడిగినవాడు అక్కడితో ఊరుకుంటున్నాడు. ఊరుకోవద్దని మా మనవి. ఓటరు నమ్మకం నిలబడాలన్నా సడలాలన్నా దానికి ఆధారం కాగితాల్లో ఉంది. ఆ కాగితాలు చాలావరకు ఎవరైనా తెరిచి చూసుకోగలిగినవే.

ముందుగా ‘కొట్టేశారు’ అన్న మాటనే తీసుకుందాం. దాని వెనుక అరడజను సంగతులు దాగి ఉంటాయి. సాక్షులందరినీ విచారించి నేరం రుజువు కాలేదని కోర్టు తీర్పు ఇచ్చి ఉండవచ్చు. సాక్షులు బోనెక్కి ‘మాకేమీ తెలియదు’ అని ఎదురు తిరగడంతో కేసు వీగిపోయి ఉండవచ్చు. ఇరుపక్షాలు లోక్ అదాలత్‌లో రాజీ పడి ఉండవచ్చు. హైకోర్టు ఎఫ్‌ఐఆర్‌ను క్వాష్ చేసి, అంటే రద్దు చేసి ఉండవచ్చు. పోలీసులే ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’ (వాస్తవం పొరపాటు) అని తుది నివేదిక రాసి, ఫిర్యాదుదారుకు ఆ సంగతి తెలిపే ఆర్‌సీఎస్ నోటీసు ఇచ్చి దస్త్రం మూసి ఉండవచ్చు. లేదా ప్రభుత్వం ఉపసంహరించుకోవాలనుకుంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో పిటిషన్ వేసి కేసును వెనక్కి తీసుకుని ఉండవచ్చు. వీటిలో మొదటిది మాత్రమే సాక్ష్యాలన్నీ తూచిన మీదట బయటపడడం. చివరి దాంట్లో నిందితుడు నిర్దోషి అని తేల్చే విచారణే జరగదు. అయినా ఊళ్లో అన్నింటికీ ఒకటే పేరు, ఒకటే బాణాసంచా.

ఉపసంహరణ గురించి ఇంకో మాట చెప్పాలి. అధికారం మారినప్పుడల్లా సొంతవాళ్ల కేసులు పలచబడడం, ఎదుటివాళ్ల కేసులు చిక్కబడడం మన రాష్ట్రంలో ఏ ఒక్క పార్టీకో అంటిన జబ్బు కాదు. అందుకే ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 10న ఆదేశించింది. కేసు ‘ఎత్తేశారు’ అని చెప్పే నాయకుడిని ఆ అనుమతి ఉత్తర్వు చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.

ఇక అఫిడవిట్. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26లో పెండింగ్ కేసులన్నీ రాయాలి. ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు, కేసు నంబరు, సెక్షన్లు, అభియోగాలు నమోదయ్యాయా లేదా, నమోదైతే ఏ తేదీన అన్నవి అందులో ఉంటాయి. అయితే ఆ ఫారం అడిగేది పెండింగ్ కేసులనూ, శిక్ష పడిన కేసులనూ మాత్రమే. మూతపడిన కేసుకు అందులో గడి లేదు. అందువల్ల 2014లో ఉన్న కేసు 2019లో మాయమైతే అది ఎలా పోయిందో ఫారం చెప్పదు. 2014, 2019, 2024 అఫిడవిట్లను పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఆ ఖాళీ కంటికి ఆనదు. మూడూ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.

చదివేటప్పుడు జనం ఎక్కువగా పొరబడేది నంబర్ల దగ్గర. స్టేషన్‌లో క్రైమ్ నంబరుతో మొదలైన కేసు, చార్జిషీటు పడ్డాక మేజిస్ట్రేటు కోర్టులో సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు అవుతుంది. సెషన్స్ కోర్టు విచారించాల్సిన పెద్ద నేరమైతే ముందు మేజిస్ట్రేటు దగ్గర పీఆర్‌సీ, అక్కడి నుంచి సెషన్స్‌కు పంపాక (కమిట్ అయ్యాక) ఎస్‌సీ, అంటే సెషన్స్ కేసు నంబరు పడుతుంది. విజయవాడలోని ప్రజాప్రతినిధుల ప్రత్యేక కోర్టుకు బదిలీ అయితే మళ్లీ కొత్త నంబరు. ఒకే కేసు నాలుగు పేర్లతో తిరుగుతుంటే ప్రత్యర్థులు నాలుగు కేసులంటారు. అనుచరులు పాత నంబరు చూపి ‘ఇప్పుడది లేదు’ అంటారు. రెండూ తప్పే. కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతికినా, ప్రతి కేసుకూ ఇచ్చే 16 అక్షరాల గుర్తింపు సంఖ్య సీఎన్‌ఆర్‌తో వెతికినా వాయిదాల చరిత్ర మొత్తం కనబడుతుంది. ఒక్కో తేదీ మీద నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో రెండు ముక్కల్లో ఉంటుంది. ‘317 పిటిషన్ అలౌడ్’ అని ఉంటే నిందితుడు ఆ రోజు కోర్టుకు రాలేదని, గైర్హాజరుకు అనుమతి తీసుకున్నాడని అర్థం. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో ఆ 317వ సెక్షన్ 355 అయింది. ఒకటో రెండో అయితే సహజం. వరుసగా పది వాయిదాలకూ అదే మాట ఉంటే ఆలస్యం ఎవరి పుణ్యమో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ప్రజాప్రతినిధుల కేసుల్లో అభియోగాలు నమోదైన నాటి నుంచి ఏడాదిలోగా విచారణ ముగించాలని సుప్రీంకోర్టు చెప్పింది 2014 మార్చిలో.

కేసుల సంఖ్యను చూసి మనిషిని తూచడం కూడా అన్యాయమే. పొగాకు వేలం కేంద్రం ముందు ధర కోసం రైతులతో కలిసి రోడ్డు మీద కూర్చుంటే దారి అడ్డగించారని 2024 జూలై దాకా ఉన్న పాత ఐపీసీ 341, ఆంక్షలు మీరితే 188 పెట్టేవారు. అలాంటివి ఇరవై ఉన్నా ఆ నాయకుడి పరువు పోదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మూయించిన నేల ఇది. ఎదురు నిలిచినందుకు పడే కేసు ఎలాంటిదో ఇక్కడి జనానికి కొత్తగా చెప్పాలా? చూడాల్సింది అదే ఐపీసీలోని 420, 467, 468, 471 లాంటి సెక్షన్లను. మోసం, ఫోర్జరీ, దొంగ పత్రాన్ని అసలుదిగా వాడుకోవడం. వీటితో పాటు అవినీతి నిరోధక చట్టం, స్త్రీల మీద నేరాలు. అలాంటిది ఒక్కటున్నా అడగాలి. ఆ అడగడం కూడా నేరం తేలినట్టు తీర్మానించి కాదు, వివరం కోసం.

భూముల ఆరోపణల్లో కేసు నమోదయ్యే దాకా ఆగనక్కర్లేదు. అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చినది) కబ్జా అన్న మాట వస్తే ఆ సర్వే నంబరు పాత రెవెన్యూ రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లో ఏమని ఉంది, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా, ఒకప్పుడు ఉంటే ఎప్పుడు తప్పించారు, లావాదేవీలు చూపే ఈసీలో ఎవరి నుంచి ఎవరికి మారింది అన్న నాలుగు ప్రశ్నలు చాలు. తహసీల్దారు కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆరోపణ పాతబడేకొద్దీ నిజం తేలడం కష్టమవుతుంది. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టు ప్రాంగణంలోనే ఓ కేసు ఆధారాలు చోరీకి గురయ్యాయి. చివరకు హైకోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది. ఆధారం పోతే ఫిర్యాదుదారుకు న్యాయం దక్కదు. నిందితుడు నిజంగా నిర్దోషి అయినా ఆ సంగతి రుజువు చేసుకునే దారి మూసుకుపోతుంది. విచారణ త్వరగా ముగియాలని అందరికంటే ముందు కోరుకోవాల్సింది మచ్చ లేదని చెప్పుకునే నాయకుడే.

గెలిచాడు గనుక జనం క్షమించారన్న వాదనను మేము ఒప్పుకోం. ఓటు వేసేవారు రోడ్డు, నీళ్లు, పింఛను, కులం, పార్టీ అన్నీ చూసి వేస్తారు. బ్యాలెట్‌లో ఫలానా సెక్షన్ గురించిన ప్రశ్న ఉండదు. టికెట్ ఇచ్చే పార్టీలకూ ఇదే వర్తిస్తుంది. కేసులున్న వ్యక్తినే ఎందుకు ఎంచుకున్నారో కారణాలు 48 గంటల్లో ప్రకటించాలని, ‘గెలుస్తాడు’ అన్నదొక్కటే కారణం కాకూడదని సుప్రీంకోర్టు 2020, 2021 తీర్పుల్లో స్పష్టం చేసింది. పార్టీలు ఇచ్చే ఆ ఫారాల్లో ‘ప్రజాసేవకుడు, ప్రజాదరణ ఉంది’ అన్న వరుస చదివితే ‘గెలుస్తాడు’ అన్న మాటనే తిప్పి రాసినట్టు ఉంటుంది. అభ్యర్థి మూడుసార్లు వేయించాల్సిన కేసుల ప్రకటనకు కనీసం 12 సైజు అక్షరాలు ఉండాలన్న నిబంధన ఉంది. దాన్ని పాటించేలా చూడడం పత్రికల పని కూడా.

తప్పుడు అఫిడవిట్‌కు ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ ఫిర్యాదుతో కోర్టు మెట్లెక్కాల్సిన పని సామాన్యుడి మీద పడకూడదు.

మా రెండు జిల్లాల ఎంపీలు, ఎమ్మెల్యేలు, రేపు టికెట్ ఆశిస్తున్నవారు ఒక్క పని చేయాలి. ఇప్పటిదాకా తమ మీద నమోదైన ప్రతి కేసుకూ ఒక వరుస చొప్పున తెలుగులో ఒక పట్టిక రాసి, నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా తమ కార్యాలయం గోడకు అంటించాలి. మొదటి గడిలో పోలీస్ స్టేషన్, క్రైమ్ నంబరు. తరువాత సెక్షన్లు, ఇప్పటి కోర్టు, ఇప్పటి నంబరు, స్టే ఉంటే ఏ తేదీ నుంచి. మూతపడితే ఏ విధంగా మూతపడింది, ఆ ఉత్తర్వు ప్రతి. నడుస్తున్న కేసు అయితే చివరి గడిలో వచ్చే వాయిదా తేదీ.