మా బాబుకు కళ్ళలోకి చూడటం నేర్పించకండి

థెరపీ సెంటర్లలో 'లుక్ ఎట్ మీ' అనడం ఇకనైనా మానేయాలి. ఆటిజం ఉన్న ఆరేళ్ల పిల్లాడి తల్లిగానే కాదు, 38 ఏళ్ల వయసులో ఆటిజం ఉందని తెలుసుకున్న మనిషిగా కూడా అంటున్నాను.

బాబు అసెస్‌మెంట్‌లో డాక్టరుగారు వరసగా అడిగారు. చొక్కా లేబుల్ గుచ్చుకుంటుందని ఏడుస్తాడా? మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడా? రోజూ ఒకే దారిలో వెళ్లాలంటాడా? ప్రతిదానికీ మా అమ్మ "ఇదీ చిన్నప్పుడు అంతేనండీ" అంది. మనవడికేం లేదని చెప్పాలన్నది ఆవిడ తాపత్రయం. డాక్టరుగారు నన్నూ పరీక్ష చేయించుకోమన్నారు.

చిన్నప్పుడు నన్ను బుద్ధిమంతురాలన్నారు. పెళ్లయ్యాక పొగరన్నారు. ఫస్ట్ ర్యాంకు తెచ్చుకుని ఎదురు చెప్పకుండా ఉండే ఆడపిల్లని మన ఇళ్లలో ఎవరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు? 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం మీద రాసిన వ్యాసంలో ఉన్న 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలే. ఆటిజం అంటే మగపిల్లాడే గుర్తొచ్చే అలవాటు ఇంకా పోలేదు.

ఆటిజం బయటికి కనపడకుండా దాచుకోవడాన్ని మాస్కింగ్ అంటారే, అదెలా ఉంటుందో చెప్తాను. పెళ్లికి వెళ్తే ఎదుటివాళ్ల కనుబొమల మధ్య చూస్తూ మాట్లాడతాను. ఏం పలకరించాలో కారులోనే అనుకుని పెట్టుకుంటాను. పక్కవాళ్లు నవ్వినప్పుడు నవ్వుతాను. బ్యాండు మోత, గీరుకునే జరీ అంచు, నాలుగు వైపుల నుంచీ ఒకేసారి వినపడే మాటలు. ఇంటికొచ్చి లైటార్పి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా నోరు పెగలదు. ఇన్నాళ్లూ అందరికీ తలనొప్పి అని చెప్పేదాన్ని.

ఎవరి కళ్ళలోకైనా చూస్తే వాళ్లు చెప్పేది నా బుర్రకెక్కదు. చూపు పక్కకు తిప్పుకుంటేనే వినగలను. మా వాడు ఫ్యాన్ వైపు చూస్తూ కథ మొత్తం వింటాడు, ఒక్క పేరు మార్చి చెప్పినా పట్టుకుంటాడు. అలాంటివాణ్ణి గడ్డం పట్టుకుని ముఖం తిప్పడం దేనికి? కదలకుండా కూర్చోబెట్టే 'సిట్టింగ్ టాలరెన్స్' పేరుతో సంతోషంగా ఊగే చేతుల్ని ఒళ్ళో అదిమి పెట్టడం దేనికి? నేను కొంగు దారాలు మెలిపెడుతూ కూర్చుంటే ఎవరూ ఏమీ అనరే!

స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) వద్దనను. దాహమైతే అడగడం, బొత్తాలు పెట్టుకోవడం, రోడ్డు దాటడం, ఇవన్నీ వాడికి కావాలి. చూపు కలపడం మాత్రం ఎదుటివాళ్ల తృప్తి కోసం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్య సర్టిఫికెట్ కోసం మన దేశంలో ఒక మనిషికి ఆటిజం ఎంత తీవ్రంగా ఉందో కొలిచే పరీక్ష ఐఎస్‌ఏఏలో 40 అంశాలుంటే, మొదటిదే చూపు కలపకపోవడం. అంటే కష్టపడి చూపు కలపడం నేర్చుకున్నవాళ్లకి అక్కడ స్కోరు తగ్గుతుంది. లోపలి కష్టం తగ్గదు, కాగితం మీద మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది.

"ఎవరి వైపు నుంచి వచ్చిందమ్మా?" అని అడిగే చుట్టాలకి చెప్తున్నాను, నా వైపు నుంచే. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

మా సెంటర్లో మేడమ్‌తో మాట్లాడాను. ఇప్పుడు ఆవిడ వాడికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని చెప్తున్నారు. థెరపీలో నేర్పాల్సినవి రాసే గోల్స్ షీట్‌లో 'ఐ కాంటాక్ట్' లైను కొట్టేయించాను. మీ పిల్లల షీట్ కూడా ఒకసారి తీసి చూడండి. ఆ లైనుంటే, అది బిడ్డకి ఏ పనికొస్తుందో అడగండి.