వాన లేని వారానికీ హెచ్చరిక కావాలి

నవంబరు రెండో వారం వచ్చిందంటే తెలంగాణలో వాతావరణ సూచన ఒక్క వాక్యానికి వచ్చేస్తుంది. "రాగల ఐదు రోజులు రాష్ట్రంలో పొడి వాతావరణం ఏర్పడే అవకాశం ఉంది." కిందిస్థాయి గాలులు ఈశాన్యం నుంచో తూర్పు నుంచో వీస్తున్నాయని ఇంకో ముక్క. మ్యాపు మొత్తం ఆకుపచ్చ, అంటే ఏ హెచ్చరికా లేదని. టీవీలో వాతావరణం వార్త ఉంటే, లంబసింగిలో ఎన్ని డిగ్రీలు, ఆదిలాబాద్‌లో ఎన్ని డిగ్రీలు అన్నంత వరకే. తుపాను లేదు, వాయుగుండం లేదు, ఇక చెప్పడానికేముందని అందరూ ఆ వారాన్ని వదిలేస్తారు. వడ్లు కల్లంలో, పత్తి చేనులో ఉన్న ఇంటికి మాత్రం ఏడాదిలో అన్నింటికన్నా టెన్షన్ పెట్టే వారాల్లో ఇదొకటి.

కొన్నేళ్ల కిందట ఒక కార్తీకమాసంలో మా చిన్నాయన వడ్లను ఊరి కొనుగోలు కేంద్రంలో ఆరబోశారు. నాలుగు రోజులుగా చినుకు లేదు. ఐదో రోజు పొద్దున ఏడింటికి ఇద్దరం వెళ్లాం. రాత్రి కప్పిన నల్ల పట్టా ఎత్తితే లోపలి వైపంతా నీటి బొట్లు. మడత పెడుతుంటే ఆ నీళ్లు జారి వడ్ల అంచు మీదే పడ్డాయి. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. లోపల వెచ్చగా ఉంది, పైన నాలుగు వేళ్ల మందం మాత్రం చల్లగా, మెత్తగా తగిలింది. మాయిశ్చర్ మిషన్‌లో గుప్పెడు గింజలు పోస్తే 17 దాటి చూపించింది. మా కాంటా ఆగిపోయింది.

"వాన లేదు, మబ్బు లేదు, నిన్న మాపటికి మంచిగనే ఉండె గదా" అన్నాను. చిన్నాయన అప్పటికే పార అందుకున్నారు. "వానొస్తే మబ్బు జూసి పట్టా కప్పుతం బిడ్డా. మంచు పడేటిది ఎవడు జూస్తడు? రేడియోల వాన సంగతే చెప్తరు" అన్నారు. మధ్యాహ్నం మూడింటికి అవే వడ్లు, అదే మిషన్, 17 లోపే వచ్చింది. అప్పటికి ఆ రోజు రావాల్సిన లారీ వచ్చి వెళ్లిపోయింది. ఇంకో రాత్రి కాపలా, ఇంకో రాత్రి మంచు.

ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. ఆ గీతకు అటూ ఇటూ ఉండే ఒకటి రెండు శాతాన్ని నవంబరులో నిర్ణయించేది వాన కాదు, తెల్లవారుజాము.

పొడి వాతావరణం అంటే వాన లేకపోవడం, అంతే. గాలిలో తేమ లేదని కాదు. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 40 శాతం తేమ ఉన్న గాలిని తీసుకోండి. ఒంటికి పొడిగానే అనిపిస్తుంది. అందులోకి కొత్తగా ఒక్క చుక్క నీరు చేరకపోయినా, రాత్రి 15 డిగ్రీలకు చల్లబడేసరికి ఆ గాలి పట్టగలిగినంత నీటితో నిండిపోతుంది. ఇంకా చల్లబడితే మిగిలిన నీరు ఆకుల మీద, పట్టాల మీద, పత్తి కాయల మీద మంచుగా దిగుతుంది. మబ్బు లేని ఆకాశం ఈ పనిని సులువు చేస్తుంది. మబ్బు నేలకు దుప్పటి లాంటిది, పగలు నేల తాగిన వేడిని రాత్రి పోనివ్వదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నప్పుడు రాత్రిళ్లు ఉక్కగా ఉండటం, అది దాటిపోయి ఆకాశం తేటపడగానే చలి ఒక్కసారిగా విరుచుకుపడటం అందుకే. గాలి కూడా ఆగిపోతే బరువైన చల్లగాలి పల్లంలోకి జారి చెరువు నీళ్లలా నిలుస్తుంది. మిట్ట మీది చేను పొడిగా ఉండి, దాని పక్కన పల్లపు చేను తడిసి ముద్దవడం పల్లెలో పెరిగినవాళ్లందరూ చూసే ఉంటారు.

కాబట్టి ఆకాశం ఎంత తేటగా ఉంటే తెల్లవారుజామున నేల అంత తడుస్తుంది. సూచన మాత్రం ఆ తేట ఆకాశాన్ని చూసి 'ఏమీ లేదు' అంటుంది. నా అభ్యంతరం అక్కడే.

దీన్ని రూపాయల్లో చూడాలంటే పత్తి దగ్గరికి రావాలి. 2025-26 సీజన్‌కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. పత్తి సంస్థ సీసీఐ ఈ పూర్తి ధర ఇచ్చేది తేమ 8 శాతం ఉంటేనే. ఆ పైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు, కోత. 12 శాతానికి చేరితే 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే అసలు కొనరు. పది క్వింటాళ్ల బండి తోలుకెళ్లిన రైతుకు 8కి, 12కి మధ్య తేడా 3,244 రూపాయలు. ఏరిన కూలీ, బండి కిరాయి ఏమాత్రం తగ్గవు, ఆ మొత్తం నేరుగా రైతు చేతిలోంచి పోతుంది. 12కి కాస్త పైన తేలితే జిన్నింగ్ మిల్లు గేటు దగ్గరి నుంచి బండి తిప్పుకుని, బయట వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చి రావడమే.

తేమ ఎక్కడ ఎక్కుతుందో చూడండి. పత్తి ఏరడానికి కూలీలు పొద్దున్నే వస్తారు. కూలి కిలోల లెక్క. ఎండెక్కితే నడుం వంగదు కాబట్టి చల్లటి పూటే నాలుగు కిలోలు ఎక్కువ ఏరాలనుకుంటారు, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కానీ ఏడింటికి పత్తి మీద మంచు ఉంటుంది. ఆ తడి పత్తి సంచిలో కుక్కితే తేమ లోపలే చిక్కుకుంటుంది. మంచు ఆరాక, తొమ్మిదిన్నర పదింటికి ఏరడం మొదలుపెడితే బాగుంటుందని రైతుకూ తెలుసు, కూలీకీ తెలుసు. ఏ రోజు మంచు గట్టిగా పడుతుందో ముందు రోజు సాయంత్రమే తెలిస్తే ఆ రోజుకు పనివేళ మార్చుకోమని అడగొచ్చు. తెలియకుండా వారమంతా పదింటికి రమ్మంటే ఎవరూ రారు.

పైగా 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకున్నాకే సీసీఐ కేంద్రానికి వెళ్లాలి. అంటే పత్తి ఏ రోజు తూకానికి పోతుందో ముందే తేల్చుకోవాలి. ఆ రోజుకు ముందు రెండు రాత్రులు ఎలా ఉంటాయో చెప్పే మాట మన వాతావరణ సూచనలో లేదు. మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదంటారు. నవంబరు మధ్యలో ఆదిలాబాద్‌లో పగలు పదకొండు గంటలు చిల్లర. అందులో మంచు ఆరేదాకా రెండున్నర మూడు గంటలు తీసేయండి, సాయంత్రం నాలుగున్నరకు ఎండ బలం తగ్గిపోతుంది. ఆరబెట్టడానికి నిజంగా దక్కేది ఏడు గంటలు. ఏ రోజు ఆ ఏడు గంటలు నాలుగవుతాయో చెప్పడం కూడా వాతావరణ సూచనే.

మంచు చెడ్డదని కాదు నేననేది. కర్నూలు, నంద్యాల, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో శనగ వేసినవాళ్లు ఈ రోజుల్లో మంచు కోసమే చూస్తారు, శనగ మంచుకే పండుతుందని అక్కడి రైతుల నమ్మకం. వానాకాలం చివర నేలలో మిగిలిన పదునుతో మొలిచే పంట అది. ఒకరికి ధర తగ్గించే మంచు ఇంకొకరికి ఆశ. ఇద్దరికీ కావాల్సిన సమాచారం మాత్రం ఒకటే.

ఇక చలి సంగతి. మైదాన ప్రాంతంలో శీతల గాలులు ఉన్నాయని వాతావరణ శాఖ ప్రకటించాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో, అంతకన్నా కిందికో దిగాలి. అంతేకాదు, ఆ ఊరి సాధారణ స్థాయి కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. లేదంటే నేరుగా 4 డిగ్రీలకు పడిపోవాలి. ఒక ఊళ్లో సాధారణం 13 అనుకుంటే, 9 డిగ్రీల రాత్రి కూడా ఈ లెక్కలో మామూలు రాత్రే. తక్కువ ఎత్తు కొండలున్న మన ఏజెన్సీకి, ఇంట్లో ఉన్ని బట్టలు కొనుక్కునే అలవాటు లేని మన పల్లెలకు ఈ గీత సరిపోదని నా అభిప్రాయం. కనిష్ఠ ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటరు నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు చెక్క పెట్టెలో ఉంటుంది. ప్రశాంతంగా, తేటగా ఉన్న రాత్రి గడ్డి మీది చలి దానికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ. నారుమడి ఉండేది నేల మీద. చాప వేసుకుని పడుకునేవాళ్లు ఉండేదీ నేలకు దగ్గర్లోనే.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో సిర్పూర్ యు, తిర్యాణి మండలం గిన్నెదరి పేర్లు ప్రతి చలికాలం పేపర్లో వస్తాయి. ఆ వైపు ఒక గిరిజన వసతి గృహానికి నేను వెళ్లిన రోజు పొద్దున కిటికీకి అద్దం బదులు అట్టముక్క కట్టి ఉంది. పిల్లలు బకెట్ల దగ్గర వరుసగా నిలబడి ఎండ గోడ మీదికి వచ్చేదాకా స్నానం వాయిదా వేస్తున్నారు. ఒక చిన్న పిల్ల రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, ముందున్న అమ్మాయి వీపుకు ఆనుకుని నిల్చుంది. ఆ రోజు కూడా మ్యాపు ఆకుపచ్చే. పసుపు రంగు పడితే తప్ప పై నుంచి కదలిక రాదు, బడి వేళ మార్చాలా, దుప్పట్లు పంచాలా అన్న ఆలోచన రాదు. అక్టోబరులోనే చేరాల్సిన దుప్పట్లు సంక్రాంతికి చేరితే వాటితో ఏం పని?

ఇంకో పక్క అల్లూరి సీతారామరాజు జిల్లా. లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు. సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల చుట్టూ ఉండే ఊళ్లు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చే అంకె పొద్దున్నే అన్ని చానళ్లలో తిరుగుతుంది. సగం వార్త పర్యాటకులది, వలిసె పూలది. నాకూ ఆ పూలంటే ఇష్టమే. కానీ అదే వారం అక్కడ కాఫీ పండ్లు కోతకొచ్చి ఉంటాయి. తోలూ గుజ్జూ తీసిన గింజను ఆరుబయట పరదాల మీద ఆరబెట్టే ఇళ్లకు ఏ పూట మూయాలో, ఏ పూట తెరవాలో తెలియాలి. వాళ్లకు ఆ అంకె ఒక్కటే ఉపయోగపడదు.

మామూలుగా చెప్పే అడ్డంకి ఒకటుంది, పరికరాలు చాలవని. కానీ తెలంగాణలో మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, వాన, అన్నీ నమోదవుతాయి. రాత్రి తేమ ఎన్నింటికి 90 శాతం దాటిందో, పొద్దున ఎన్నింటికి తగ్గిందో వాటి దగ్గర ఉంది. మంచు అంచనాకు దాదాపు ముడి సరుకంతా అదే. వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో రైతులకు జిల్లావారీ వ్యవసాయ సలహాలు కూడా ఇస్తుంది. మేఘదూత్ యాప్ 2019 నుంచి ఉంది. లేనిదల్లా ఈ అంకెను ఆ ఊరి పనితో ముడిపెట్టి చెప్పే మనిషి. ఆ పని కోసమే కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టిన జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు దేశం మొత్తం మీద 199 ఉండేవి. 2024లో వాటిని మూసేశారు. అది పొరపాటు నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక కంప్యూటర్ మోడల్ అంకెలు ఇవ్వగలదు. రేపు పొద్దున పత్తి ఏరొద్దు, పదింటికి మొదలుపెట్టండని మీ ఊరి యాసలో చెప్పి, ఎల్లుండి మీ ఎదుటే నిలబడాల్సింది మాత్రం మనిషే.

మంచు చేను చేనుకూ మారుతుంది, మండలం మొత్తానికి చెబితే తప్పుతుందని శాస్త్రవేత్తలు అనొచ్చు. వాన కూడా చేను చేనుకూ మారుతుంది. అయినా ఒకటి రెండు చోట్ల, కొన్ని చోట్ల, చాలా చోట్ల అనే మాటలతో చెబుతూనే ఉన్నారు, రైతు అర్థం చేసుకుంటూనే ఉన్నాడు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటడానికి చాలా ముందే రంగులతో, గంటలతో, జిల్లా పేర్లతో హెచ్చరికలు వచ్చాయి. ఆ పని బాగా చేస్తున్నారు కాబట్టే ఇది కూడా చేయగలరని అడుగుతున్నాను. ఆ తుపాను వానకు తడిసిన వడ్లను ఆరబెట్టుకునే రోజులు దాని తర్వాత వచ్చిన పొడి రోజులే కదా.

నేను చదవాలనుకునే సూచన ఇలా ఉంటుంది. "ఈ వారం వాన లేదు. బుధ, గురువారాల్లో ఆకాశం తేటగా, గాలి తక్కువగా ఉంటుంది కాబట్టి పల్లపు ప్రాంతాల్లో మంచు గట్టిగా పడుతుంది, పొద్దున తొమ్మిదిన్నర దాకా ఆరదు. ఆ రెండు రోజులు పత్తి పది తర్వాత ఏరండి, వడ్ల మీది పట్టా ఎండ తగిలాకే, నీళ్లు బయటికి జారేలా తీయండి. యాసంగి నారు పోసినవాళ్లు సాయంత్రం మడిలో నీరు తీసేసి పొద్దున కొత్త నీరు పెట్టండి, రాత్రి పైన కవరు కప్పండి. రోడ్డు మీద వడ్లు పోసి, చుట్టూ రాళ్లు పేర్చి వదిలేయకండి, పొగమంచులో బండి మీద వచ్చేవాళ్లకు అవి కనపడవు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. శుక్రవారం నుంచి తూర్పు గాలితో మబ్బు పడుతుంది, రాత్రి చలి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, మంచు ఉండదు."

చిన్నాయన ఇప్పటికీ నవంబరులో ఫోన్ చేస్తారు. వాన గురించి అడగరు, అది ఆయనకు ముందే తెలిసిపోతుంది. "రేపు పొద్దుగాల మంచు పడ్తదా?" అంటారు. నేను మా మండలం కేంద్రంలో ముందు రోజు రాత్రి తేమ ఎంతుందో, గాలి ఎంతుందో చూసి, నాకు తోచిన లెక్క వేసి చెబుతాను. పదిసార్లలో ఏడుసార్లు సరిపోతోందని ఆయనే అంటారు. మిగిలిన మూడు రోజులూ వడ్లు ఆయనవి.