కప్ప కథ రాసినాయన పేరేది?

బగ్స్ బన్నీ అనే కుందేలు కార్టూన్ల మీద మీరు వేసిన వ్యాసం బాగుంది కానీ, వాటి గొప్పతనమంతా దర్శకుడు చక్ జోన్స్ ఖాతాలోనే వేసేశారు. కథలు రాసిన మైకేల్ మాల్టీస్ పేరు ఒక్కసారైనా రాలేదు. బగ్స్ బన్నీ లేకపోయినా, వీళ్లిద్దరూ కలిసి చేసిన కార్టూన్ 1955 నాటి ‘వన్ ఫ్రాగీ ఈవినింగ్’ చూడండి. కూలుస్తున్న భవనం పునాదిరాయిలో ఓ కూలీకి పెట్టె దొరుకుతుంది. అందులోంచి కప్ప లేచి, టోపీ పెట్టుకుని పాటలు పాడుతుంది. జనం ముందు మాత్రం బెకబెక! కప్ప పాటలు తప్ప ఏడు నిమిషాల్లో ఒక్క డైలాగ్ ఉండదు. మాటల్లేని దానికి రచయిత ఎందుకంటారేమో, ఆ కూలీ పడే అవస్థంతా ఎవరో ఒకరు అల్లిందే కదండీ! అన్నట్టు, 1940 నాటి ఓ కార్టూన్‌లో పోర్కీ పిగ్ అనే పంది వెంటపడే స్టూడియో గార్డు వేషం కూడా మాల్టీస్‌దే. తర్వాత హానా-బార్బెరా అనే కార్టూన్ స్టూడియోలో టీవీకి రాశారు. అవి నాకంతగా ఎక్కలేదు.