చదివేది ఆటగాడు, నజరానా కోచ్‌కా?

2014లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ కుస్తీ క్రీడాకారుడొకరు జాతీయ టైటిల్ గెలిచాడు. ఆ గెలుపు పుణ్యమా అని వర్సిటీ క్రీడా విభాగాధిపతి అయిన అథ్లెటిక్ డైరెక్టర్‌కు దాదాపు 18 వేల డాలర్ల బోనస్ ముట్టింది. అందులో చిల్లిగవ్వ కూడా పట్టుపట్టిన కుర్రాడికి దక్కలేదు. ఇస్తే అప్పటి నిబంధనల ప్రకారం తప్పు! అమెరికా కాలేజీ క్రీడల్లో గెలుపుకే కాదు, చదువుకూ కోచ్‌ల ఒప్పందాల్లో నజరానాలు రాసుకుంటున్నారు. జట్టు విద్యార్థులు బాగా చదివితే కోచ్‌కూ, ఆటగాడికీ ఇద్దరికీ బహుమతి ఉండాలన్నది చాలాకాలంగా వినిపిస్తున్న వాదన. అందులో సగమే న్యాయమని మా అభిప్రాయం.

కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 2004లో ‘అకడమిక్ ప్రోగ్రెస్ రేట్’ తెచ్చింది. స్కాలర్‌షిప్ ఆటగాడు ఆ టర్మ్‌లో కాలేజీ వదలకపోతే ఒక పాయింటు, చదువులో ఆడేందుకు కావాల్సిన అర్హత నిలుపుకొంటే మరొకటి. వెయ్యికి 930 రాని జట్టును సీజన్ చివరి టోర్నీలకు దూరం పెట్టవచ్చు. ఈ లెక్కలో కుర్రాడు కాలేజీలో ఉన్నాడా, పాసయ్యాడా అన్నదే తేలుతుంది. ఏం నేర్చాడన్న ప్రశ్నకు చోటే లేదు.

ఆ ప్రశ్న వదిలేస్తే ఏమవుతుందో నార్త్ కరోలినా యూనివర్సిటీ చాపెల్ హిల్ ప్రాంగణం చూపించింది. అక్కడ 1993 నుంచి 2011 దాకా ‘పేపర్ క్లాసులు’ నడిచాయి. పాఠం లేదు, హాజరు లేదు. చివర్లో ఒక వ్యాసం ఇస్తే చాలు. వాటిని దిద్ది ఉదారంగా గ్రేడ్లు వేసింది చాలావరకు ప్రొఫెసర్ కాదు, శాఖ కార్యాలయ ఉద్యోగి. 3,100 మందికి పైగా విద్యార్థులు ఈ దారిన వెళ్లారని, వారిలో దాదాపు సగం మంది క్రీడాకారులేనని 2014లో విచారణ నివేదిక తేల్చింది. ఆటగాళ్ల చదువు చూసే సలహాదారులే కొందరిని అటు తోలారు. ఇంతా జరిగితే 2017లో ఎన్‌సీఏఏ చేతులెత్తేసింది. ఆ క్లాసులు మామూలు విద్యార్థులకూ అందుబాటులో ఉన్నాయి కాబట్టి శిక్షించలేమంది! ర్యాంకును బట్టి లెక్చరర్ విలువ కట్టే కార్పొరేట్ కాలేజీలను చూసిన తెలుగువారికి ఈ కథ కొత్తగా అనిపించదు. గ్రేడ్ల మీద కోచ్‌కు డబ్బు కడితే ఆయన ముందుగా వెతికేది తేలిక కోర్సునే. ఇంజినీరింగ్ చదవాలనుకున్న కుర్రాడికి ప్రాక్టీసుకు అడ్డురాని సబ్జెక్టు అంటగట్టే పలుకుబడి ఆయనకు ఉంది.

శిక్ష కూడా తప్పుడు చోటే పడుతోంది. 2011లో పురుషుల బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచిన కనెక్టికట్ జట్టుపై చదువు స్కోరు తక్కువైందని 2013 టోర్నీకి వేటు పడింది. ఆ టోర్నీ వచ్చేసరికి కోచ్ జిమ్ కాల్హూన్ రిటైరయ్యారు. మిగిలిన కుర్రాళ్లు ఇంట్లో కూర్చున్నారు. మరుసటి ఏడాది వాళ్లే టైటిల్ కొట్టారనుకోండి, అది వేరే సంగతి.

అందుకే కోచ్‌కు చదువు బోనస్ వద్దు. దానికి బదులు జట్టు చదువు ఒక స్థాయికి తగ్గితే గెలుపు బోనస్ కూడా రాదని ఒప్పందంలో రాయాలి. వారానికి 20 గంటలకు మించి సాధన చేయించరాదన్న నియమం కాగితం మీద ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఆటకు వారానికి 40 గంటలకు పైగా వెచ్చిస్తున్నామని ఎన్‌సీఏఏ సొంత సర్వేల్లోనే చెప్పారు. ఆ గంటల్ని తగ్గించగలిగింది కోచ్ ఒక్కరే. ఆయన్ని అడగాల్సింది కూడా అదే.

ఆటగాడి సంగతి వేరు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో, చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై ఎన్‌సీఏఏ ఆంక్షల్ని కొట్టేసింది. దాంతో చదువులో రాణించిన ఆటగాడికి ఏటా 5,980 డాలర్ల వరకు ఇచ్చే వీలు కలిగింది. ఇది దానం కాదు. తెల్లవారుజామున జిమ్ము, రాత్రి ప్రయాణం, మధ్యలో పరీక్ష రాసిన వాడి కష్టార్జితం. అయితే ఇవ్వడం, మానడం వర్సిటీ ఇష్టం.

2025 జూన్‌లో, ఆటగాళ్లకు చెల్లింపులపై నడిచిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం దొరికాక ఆ ఇష్టం మరింత సన్నగిల్లే ప్రమాదం వచ్చింది. ఒక్కో వర్సిటీ తన ఆటగాళ్లకు తొలి ఏడాది (2025-26) 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా చెల్లించే వీలు దొరికింది. కానీ చదువు బహుమతుల్లో 25 లక్షల డాలర్ల వరకు ఆ పరిమితిలోనే లెక్క కడతారు. ఫుట్‌బాల్ జట్టులో కీలకమైన క్వార్టర్‌బ్యాక్‌కు ఇంకో లక్ష ఇవ్వాలా, ఈత జట్టు అమ్మాయి మార్కులకు ఇవ్వాలా అన్న బేరం వస్తే ఏ అథ్లెటిక్ డైరెక్టర్ ఎటు మొగ్గుతారో ఊహించడం కష్టం కాదు. చదువు బహుమతిని ఆ పరిమితి నుంచి పూర్తిగా తప్పించాలి. టీవీ ఒప్పందాల ఆదాయంలో కొంత చదువు ఫలితాల ఆధారంగా వర్సిటీలకు పంచాలని ఎన్‌సీఏఏ 2016లోనే నిర్ణయించింది. ఆ సొమ్ము క్రీడా విభాగం ఖజానాలో కలిసిపోకుండా, దాన్ని సంపాదించిపెట్టిన విద్యార్థుల ఖాతాలోకే వెళ్లాలని షరతు పెట్టాలి. డిగ్రీ పూర్తికాకుండా వెళ్లిన వారి ఫీజులకు కూడా అందులోంచే వాటా తీయాలి.