కంటికి రెప్పలా, రెప్పకు జిగురులా

రెప్పలకు పొడుగు వెంట్రుకలు అతికించుకుంటానని మా మేనకోడలు బయల్దేరితే తోడుగా వెళ్లాను. రెండు గంటలు పడుతుందన్నారు. చదవడానికి అక్కడ ఏమీ లేదు. ట్రేలో వేలెడంత జిగురు సీసా కనిపిస్తే దాన్నే చదివాను. ముందువైపు బంగారు రంగులో 'మెడికల్ గ్రేడ్, సున్నితమైన కళ్ల కోసం ప్రత్యేకం' అని ఉంది. వెనక్కి తిప్పితే ఆవగింజంత అక్షరాల్లో ఇంకోటి ఉంది: 'సైనోయాక్రిలేట్. ప్రమాదం. చర్మాన్నీ కళ్లనూ సెకన్లలో అతికించేస్తుంది. పిల్లలకు అందకుండా ఉంచండి.'

ఒకటే సీసా. ముందు నుంచి చూస్తే కళ్ల కోసమే పుట్టింది. వెనక నుంచి చూస్తే కళ్ల దరిదాపులకు రాకూడదు. ఎన్నికల ప్రణాళికలో కూడా రెండు మాటల మధ్య రెండు పేజీల దూరమైనా పాటిస్తారు.

వెనక రాసినవాడిని తప్పుపట్టలేం. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో సైనోయాక్రిలేట్ జిగుర్లకు ఆ హెచ్చరిక తప్పనిసరి. తెగిన చెప్పును అతికించే సూపర్ గ్లూ మీద కూడా అదే వాక్యం ఉంటుంది, పొల్లు పోకుండా. రెండూ ఒకే ఇంటిపేరు వాళ్లు మరి. ఈ వంశానికి మూలపురుషుడు హ్యారీ కూవర్. 1942లో ఈస్ట్‌మన్ కొడాక్‌లో పనిచేస్తూ, తుపాకి గురి చూడ్డానికి పనికొచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఈ పదార్థం తగిలింది. దేన్ని తాకితే దానికి అంటుకుపోతోందని విసుగొచ్చి పక్కన పడేశారు. 1951లో మళ్లీ బయటికి తీశారు, 1958లో అమ్మకానికి పెట్టారు. తుపాకి నుంచి చెప్పుకు, చెప్పు నుంచి కనురెప్పకు. ఇంత ఎదుగుదల మనుషుల్లో కూడా అరుదు.

సరే, 'మెడికల్ గ్రేడ్' సంగతి. గాయాలను మూయడానికి ఆసుపత్రుల్లో వాడే సైనోయాక్రిలేట్లు నిజంగానే ఉన్నాయి. అవి ఆక్టైల్, బ్యూటైల్ రకాలు. వాటి సూచనల కాగితంలో కూడా కంట్లో పడనివ్వొద్దనే ఉంటుంది. రెప్పల జిగురులో ఎక్కువగా ఉండేది ఈథైల్ రకం, ఎందుకంటే అది చప్పున ఆరుతుంది. మరి సీసా మీది గ్రేడ్ ఎవరిచ్చారు? ఏ పరీక్ష రాసింది? మా బళ్లో లెక్కల్లో నాకొచ్చింది కూడా గ్రేడే. దాన్ని బంగారు అక్షరాల్లో అచ్చు వేయించుకోవాలని నాకు తట్టలేదు, అంతే తేడా.

ఇక ఆ రెండు గంటలు. మంచం మీద పడుకోబెట్టి, కింది రెప్పల వెంట్రుకలను మెత్తటి ప్యాడ్లతో అణిచి, కళ్లు మూసుకోమన్నారు. పై రెప్పకు దగ్గర దగ్గర 100 నుంచి 150 వెంట్రుకలుంటాయి. ఒక పట్టకారుతో ఒకదాన్ని విడదీయాలి, ఇంకో పట్టకారుతో కృత్రిమ వెంట్రుకను జిగురులో ముంచి దాని మీద పెట్టాలి. ఓపికకు దండం పెట్టాల్సిందే. అయితే ఈ జిగురు ఆరాలంటే తేమ కావాలి. అందుకే గదిలో గాలి తేమను కొలిచే యంత్రం పెట్టారు. ఎప్పుడూ తడిగా ఉండే కంటి దగ్గర పనిచేస్తూ, తేమ సరిపోతుందో లేదో అని గోడకేసి చూస్తున్నారు. ఇంతలో జిగురు నుంచి ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరికి కన్ను నీరు కారుస్తుంది. నీరు తగలగానే జిగురు కంగారుగా గట్టిపడి తెల్లబారుతుంది. తెల్లబారితే అందం పోయిందని దాన్ని తీసి మళ్లీ కొత్త చుక్క పెడతారు. మళ్లీ ఆవిరి, మళ్లీ కన్నీళ్లు. దీనికి విరుగుడుగా అరచేతిలో పట్టే బుల్లి ఫ్యాన్ ఒకటి ఉంది. అది ఆవిరిని మా మేనకోడలి ముఖం మీది నుంచి శ్రద్ధగా నా ముఖం మీదికి పంపింది.

"కొంచెం మండుతోందండీ."

"మామూలే మేడమ్. కళ్లు మూసుకోండి."

"మూసుకునే ఉన్నాను."

"అయితే ఇంకా మూసుకోండి."

నేను కల్పించుకున్నాను. "ప్యాచ్ టెస్ట్ చేశారా అమ్మా?"

"అలెర్జీ లేదని ఫారం మీద సంతకం పెట్టారు సార్."

అలెర్జీ ఉందో లేదో తెలియాలంటే ముందు కొద్దిగా రాసి, ఒకటి రెండు రోజులు ఆగి చూడాలి. పైగా ఈ రకం అలెర్జీ మొదటిసారే రావాలని లేదు. నాలుగు సార్లో, పది సార్లో ఏమీ కాకుండా ఉండి, ఒకరోజు పొద్దున లేచేసరికి రెప్పలు బూరెల్లా ఉబ్బి కన్ను తెరుచుకోదు. ఒకసారి పట్టుకుందంటే సాధారణంగా వదలదు. దానికి ముందుగానే సంతకం తీసుకోవడం, పెళ్లిపీటల మీద 'మేం జీవితంలో పోట్లాడుకోం' అని రాయించుకోవడం లాంటిది.

"కంట్లో పడితే ఏం చేస్తారు?"

"పడదు సార్."

"పడితే?"

"పడదు సార్."

పడితే లాగకూడదు, పీకకూడదు, గోరువెచ్చని నీళ్లతో కడుగుతూ కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఆ గదిలో కుళాయి ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.

2012లో జపాన్ వైద్యులు ఒక పరిశీలన అచ్చు వేశారు. ఇలా వెంట్రుకలు (ఎక్స్‌టెన్షన్లు) అతికించుకున్న తర్వాత కంటి బాధతో వచ్చిన 107 మంది ఆడవాళ్లను చూస్తే, ఎక్కువమందికి కంటిపొర, కార్నియా వాచాయి. ఆ తర్వాత రెప్పల అలెర్జీ. పరీక్షించిన జిగుర్లలో ఫార్మాల్డిహైడ్ బయటపడింది. జంతుశాస్త్రం ల్యాబులో కప్పను సీసాలో నిలవ ఉంచే ఫార్మలిన్ ఉంది చూశారూ, దాని సరుకే. అందాన్ని శాశ్వతంగా నిలబెడతామన్న మాటలో అబద్ధమేమీ లేదన్నమాట.

పోనీ అంత పొడుగు దేనికి? 2015లో జార్జియా టెక్ పరిశోధకులు 22 రకాల క్షీరదాల రెప్పలు కొలిచారు. వెంట్రుక పొడవు కంటి వెడల్పులో మూడో వంతు ఉంటే గాలి, దుమ్ము బాగా ఆగుతాయట. అంతకన్నా పొడుగైతే గాలిని గరాటులా కంట్లోకే మళ్లిస్తాయట. కాపలావాడికి డబ్బిచ్చి దొంగకు తలుపు తీయించడమన్నమాట.

ఇది కొత్త తెగులేం కాదు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగు అమ్మారు. అది వేసుకున్న ఆడవాళ్లలో కొందరికి చూపు పోయింది, కనీసం ఒకరి ప్రాణమూ పోయింది. 1938లో చట్టం వచ్చేదాకా దాన్ని బజారు నుంచి తీయించే అధికారం ఎవరికీ లేకపోయింది. ఆ చట్టం తర్వాత కూడా అక్కడ రెప్పల జిగురు కాస్మెటిక్ కిందే లెక్క. అమ్మేముందు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు.

పని పూర్తవుతుండగా వెంట్రుకలు అతికిస్తున్న అమ్మాయి వైపు చూశాను. ఇరవై ఏళ్లుంటాయేమో. తన రెప్పలకు ఏమీ లేవు. ఊరికే అడిగాను, నువ్వెందుకు పెట్టుకోలేదమ్మా అని. "నాకు పడవు సార్. పనిలో చేరిన ఏడాదికే అలెర్జీ వచ్చింది" అంది, జిగురులో ఇంకో వెంట్రుక ముంచుతూ.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. మా మేనకోడలు రెండు గంటలు పీల్చి ఇంటికి పోతుంది. ఈ పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ చుక్క మీద జానెడు దూరంలో వంగి ఉంటుంది. సైనోయాక్రిలేట్ ఆవిరితో పనివాళ్లకు ఉబ్బసం వస్తుందని వైద్య పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. ఆమెకిచ్చిన రక్షణ ఒక సర్జికల్ మాస్క్! అది తుంపర్లను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. గాలిని బయటికి లాగే గొట్టం ఒకటి బిగించడానికి ఏం రోగం? గోడకు బంగారు రంగు సీతాకోకచిలుక రెక్కలు బిగించడానికి డబ్బుంది, కస్టమర్లు ఫొటో దిగుతారని. ఈ అమ్మాయి దగ్గితే మాత్రం 'మామూలే'. ఎవడికి మామూలు? సీసా మీద మెడికల్ అని రాసినవాడు ఒక్కరోజు ఆ స్టూలు మీద కూర్చుని పీల్చమనండి.

ఆ అమ్మాయి ఫ్యాన్ ఆపి, ప్యాడ్లు తీసి, అద్దం అందించింది. రెండు మూడు వారాల్లో రీఫిల్‌కి రమ్మని చెప్పి అటు తిరిగి దగ్గింది. మా మేనకోడలు అద్దంలో అటూ ఇటూ చూసుకుని నా వైపు తిరిగింది.

"ఎలా ఉన్నాయి మామయ్యా?"

"ఎర్రగా ఉన్నాయి."

"అబ్బా, కళ్లు కాదు. రెప్పలు."