ఉప్పు తప్ప ఏమీ కొనడట మా బావ

మొన్న విశాఖ ఎంవీపీ కాలనీలో పెళ్ళి భోజనాల దగ్గర మా పెద్ద బావ ప్రకటించాడు. ఉద్యోగం మానేస్తాడట. పాడేరు కొండల్లో పెదబయలు అవతల, మనిషి అలికిడి లేని చోట రెండెకరాలు తీసుకుని చోళ్ళు (రాగులు), కూరలు పండించుకుని బతికేస్తాడట. "ఉప్పు తప్ప ఏదీ కొనను, ఎవరి మీదా ఆధారపడను" అన్నాడు, మూడోసారి గోంగూర వేయించుకుంటూ.

నాకు ఆ ఉప్పు దగ్గరే ఆగిపోయింది బుర్ర.

మా ఆయన ఉద్యోగం మూలంగా మూడేళ్ళు ఆ కొండల్లోనే ముంచంగిపుట్టు వైపు ఉన్నాం. కొండ మీద ఉప్పు పండదు. ఎండు నెత్తళ్ళూ (చిన్న సముద్రపు చేపలు) దొరకవు. రెండూ మన తీరం నుంచే సంతకి ఎక్కాలి. ఆ రెండిటి కోసం ఆడవాళ్ళు చీకటితో లేచి అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు, చింతపండు నెత్తిన పెట్టుకుని గంటల తరబడి నడిచి వచ్చేవారు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనేదీ ఆ చింతపండూ తేనే. తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్ళు సంత లేకుండా బతకలేదు, మా బావ బతుకుతాడు!

పనీ అంతే. కలుపు తీయాలన్నా, ఇంటికి కప్పు వేయాలన్నా ఊరంతా ఇవాళ ఒకరి దగ్గరికి, రేపు ఇంకొకరి దగ్గరికి వెళ్తారు. వెళ్ళనివాడి చేను గడ్డిపాలు.

ఇక వానాకాలం. పాత గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని రోజులు. చాలా ఇళ్ళలో మామిడి టెంకల్లోని జీడి ఎండబెట్టి, దంచి, చేదు పోయేదాకా గెడ్డ (కొండవాగు) నీళ్ళలో కడిగి అంబలి కాచేవారు. ఒకావిడ పెడితే నేనూ తాగాను, సగం గిన్నె. మిగతా సగం ఆవిడ పిల్లాడు తాగేశాడు. ఆ ఏడాదే రెండు కొండల అవతల ఒక బాలింతను డోలీలో మోసుకొచ్చారు. గెడ్డ పొంగి ఇవతల ఒడ్డున ఆటో, అవతల ఒడ్డున ఆవిడ. నీళ్ళు తీసేదాకా అలాగే తడుస్తూ కూర్చున్నారు. ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నది రోడ్డు. మనవాళ్ళు వెతుక్కునేది రోడ్డు లేని చోటు.

ఆ చోటు బాగుండదని కాదు. నవంబరులో వలిసెలు (నూనెగింజల పంట) పూసినప్పుడు ఆ పసుపు చూస్తే నాకూ తిరిగి రాబుద్ధి కాలేదు.

అయినా భూమి ఎలా తీసుకుంటావు బావా అంటే, "కొనుక్కుంటా" అన్నాడు. 1970 నుంచి 1/70 చట్టం ఉంది. ఏజెన్సీలో, అంటే ఆ గిరిజన ప్రాంతంలో, గిరిజనేతరులు భూమి కొనకూడదు. "పోనీ లీజు" అన్నాడు. లీజూ ఆ చట్టం కిందకే వస్తుంది. అప్పుడు పక్కనున్నాయన మెల్లగా, "అక్కడి కుర్రాడెవడి పేరునైనా పెట్టేస్తే సరి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దాన్ని స్వయంసమృద్ధి అనరండీ, దొంగతనం అంటారు. పెళ్ళివారిల్లని కూడా చూడకుండా ఆ మాట గట్టిగానే అనేశాను. మా అక్క ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

బావ మాత్రం నిన్న ఫోన్ చేశాడు. భీమిలి రోడ్డులో ఐదు సెంట్లు చూశాడట, అక్కడ బోరులో ఉప్పునీళ్ళు పడతాయేమో కనుక్కోమన్నాడు.